రబ్బరు గొట్టంలో పొగ

బసంత్‌నగర్‌లో పుట్టి పెరిగినవాడికి పడవతో ఏం పని? ఈ ప్రశ్న మా అమ్మ రోజుకోసారి అడుగుతోంది. అడగడంలో తప్పు లేదు లెండి. మా ఊళ్ళో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది, రాజీవ్ రహదారి మీద రాత్రింబవళ్ళు పోయే లారీలున్నాయి, విమానాలు దిగని రన్‌వే కూడా ఒకటుంది (నేను సైకిల్ నేర్చుకున్నది దాని మీదే). నీళ్ళు మాత్రం నల్లా వచ్చినప్పుడే చూడాలి.

చెల్లెలి పెళ్ళికని మే నెలలో సియాటిల్ నుంచి వచ్చాను. పెళ్ళి బ్రహ్మాండంగా అయింది. వీసా స్టాంపింగ్ తేదీ మాత్రం ముందుకు జరిగి జరిగి నన్ను ఇక్కడే కూర్చోబెట్టింది. రాత్రంతా ఆఫీసు పని, పొద్దున బాపుతో టీ, ఆ తర్వాత కూలర్ ముందు నిద్ర. ఇదీ దినచర్య.

సియాటిల్లో ముగ్గురం కలిసి కొన్న పాత మోటారు బోటొకటి ఉంది. 1986లో తయారైంది, 26 అడుగులు. వెనక భాగంలో చెక్క మూత కింద షెవ్రొలె 350, అంటే 5.7 లీటర్ల వీ8 పెట్రోల్ ఇంజను. 3800 డాలర్లకే వచ్చింది. అంత చవగ్గా ఎందుకిచ్చాడో కొన్నాక తెలిసింది. ముగ్గురిలో ఒకడు వేరే ఊరు వెళ్ళిపోయి వాటా డబ్బులు మాత్రం పంపిస్తుంటాడు. రెండోవాడు భీమవరం. వాణ్ణి అసలు పేరుతో పిలిచి ఏళ్ళయింది. వాడు నన్ను 'ఖని' అంటాడు. ఖని వేరు, బసంత్‌నగర్ వేరు అని ఎన్నిసార్లు చెప్పినా సరే.

నేను పేరుకి మెకానికల్ ఇంజనీర్ని. నాలుగేళ్ళు చదివి, జావా రాసుకునే ఉద్యోగంలో పడి, స్పానర్ సంగతే మర్చిపోయినవాణ్ణి. మీలో చాలామంది నాలాంటివాళ్ళేనని నా అనుమానం :) ఆ అపరాధభావం వల్లే బోటు పని మీద పడ్డాననుకుంటా. మా బాపు మాత్రం అసలు సిసలు మెకానిక్. గోదావరిఖని గనుల్లో పంపు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. తాత సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేయడం వల్ల ఇల్లు ఇక్కడ పడింది గానీ, ఆయన బతుకంతా ఖనిలోనే. గనిలో నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, వాటిని ఎప్పటికప్పుడు పైకి తోడకపోతే పని ఆగిపోతుంది. ముప్ఫై ఏళ్ళు ఆ తోడే పనే.

మొన్నొక పొద్దున ఏడింటికి భీమవరం వీడియో కాల్ చేశాడు. అక్కడ ముందురోజు సాయంత్రం ఆరున్నర. వాళ్ళ అత్తామామలు ఇండియా నుంచి వచ్చారట. శనివారం పిల్లలతో సహా ఎనిమిది మందిని ఎక్కించుకుని లేక్ యూనియన్ చుట్టూ తిప్పుతాడట. "ఎగ్జాస్ట్ హోస్ పైపొకటి పాతగా ఉంది గానీ, సీజన్ అయ్యాక మారుద్దాంరా" అన్నాడు.

పక్కన టీ తాగుతున్న బాపు తలెత్తి చూశాడు. "హోస్ పైపా? ఇంజను పొగ రబ్బర్ పైపుల పోతదా? కాలిపోదా?"

నిజం చెప్పాలంటే రెండేళ్ళ క్రితం నాకూ ఇదే అనుమానం వచ్చింది. కారులో ఎగ్జాస్ట్ ఇనప గొట్టం. కింద గాలికి చల్లబడుతుంది, వేడెక్కినా మన ఒంటికి తగలదు. బోటులో ఇంజను ఒక పెట్టెలో ఉంటుంది. చుట్టూ ఫైబర్‌గ్లాస్, చెక్క, పెట్రోలు ట్యాంకు. అరువందల డిగ్రీల ఇనప గొట్టాన్ని వాటి మధ్యలోంచి వెనకదాకా తీసుకెళ్ళడం కుదిరే పని కాదు. అందుకని సరస్సు నీళ్ళనే వాడుకుంటారు. బోటు అడుగున ఉన్న కన్నం నుంచి ఒక పంపు నీళ్ళు లాగుతుంది. ఆ నీళ్ళు ఇంజన్లో తిరిగి, మానిఫోల్డ్ చుట్టూ తిరిగి, చివరికి రైజర్ అనే వంపు దగ్గర పొగలోనే కలిసిపోతాయి. రైజర్‌కి రెండు గోడలుంటాయి: లోపల పొగ, గోడల మధ్య నీళ్ళు. వంపు దిగుతుండగా రెండూ ఒకటవుతాయి. నీళ్ళలో కొంత ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది, పొగ ముడుచుకుపోతుంది, చప్పుడు తగ్గుతుంది. అక్కణ్ణుంచి రబ్బరు గొట్టం సరిపోతుంది. నీళ్ళు సరిగ్గా పారుతుంటే ఆ గొట్టం మీద చెయ్యి ఆన్చొచ్చు కూడా. దీన్నే వెట్ ఎగ్జాస్ట్ అంటారు. పాత మోటారు బోట్ల వెనకనుంచి పొగా నీళ్ళూ కలిసి ఉమ్మినట్టు పడుతుంటాయే, అదన్నమాట.

ఇదంతా బాపుకి చెప్పి, కాస్త గర్వంగా చూశాను. ఇంతసేపు మెకానిక్ భాష మాట్లాడ్డం నాకు కొత్త. ఆయన మెచ్చుకోలేదు.

"ఇంజను బందు జేసినంక నీళ్ళు ఏడికి పోతయి?"

"ఆగిపోతాయి బాపూ."

"నీళ్ళు ఆగయి బిడ్డా. మనం ఆపాలె."

నీళ్ళ విషయంలో బాపుతో నేను వాదించను. 2003 జూన్ 16న ఖనిలో 7ఎల్ఈపీ గనిలోకి నీళ్ళు దూసుకొచ్చి 17 మంది చనిపోయినప్పుడు నాకు ఆరేళ్ళు. బాపు చేసేది వేరే గనిలో. అయినా ఆ రోజులు మా ఇంట్లో ఎలా గడిచాయో నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. వంట చేసి పెట్టినా ఎవరూ తినకపోవడం ఒకటి బాగా గుర్తు. ఆ తర్వాత ఇంట్లో బకెట్ నిండి పొర్లినా ఆయన లేచి వెళ్ళి నల్లా కట్టేసి వస్తాడు, అమ్మకి చెప్పడు.

ఆయన అడిగింది సైఫన్ గురించి. నీళ్ళు పొగలో కలిసే చోటు బయటి నీటిమట్టానికి దగ్గరగా గానీ కిందగా గానీ ఉంటే, ఇంజను ఆపాక కూడా సరస్సు నీళ్ళు మెల్లగా పంపు రెక్కల సందుల్లోంచి పాకుతూ వచ్చి గొట్టాన్ని నింపేస్తాయి. గొట్టం నిండితే మానిఫోల్డ్, అదీ నిండితే తెరిచి ఉన్న వాల్వులోంచి సిలిండర్. రాత్రికి రాత్రి జరిగిపోతుంది. పొద్దున తాళం తిప్పితే పిస్టన్ నీళ్ళని నొక్కబోతుంది, నీళ్ళు నొక్కుకోవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అందుకే కలిసే చోటు నీటిమట్టానికి కనీసం 15 సెంటీమీటర్లు పైన లేకపోతే, గొట్టాన్ని బాగా ఎత్తుకి లేపి, ఆ వంపు తలమీద గాలి పీల్చే వాల్వు పెట్టమంటారు. ఇక మా ఇంజను రకానికి రైజర్ పై వంపు నీటికి ఇంచుమించు అడుగు ఎత్తులోనైనా ఉండాలంటారు. లేకపోతే వెనకనుంచి వచ్చే అలలు కూడా గొట్టంలోంచి పైకెక్కుతాయి.

"అది కొలిచాం బాబాయ్‌గారూ, 14 అంగుళాలుంది" అన్నాడు భీమవరం ఫోన్లోంచి.

"ఎవలు లేనప్పుడు కొలిచిన్రా, ఎక్కినంకనా?"

మేమిద్దరం నోరు మూసుకున్నాం.

మర్నాడు వాడు పక్క బోటువాళ్ళని బతిమాలి, ట్యాంకు నింపి, ఎనిమిది మందిని వెనక కూర్చోబెట్టి కొలిచాడు. 11. మూడంగుళాలు పోయాయి. మా ఆఫీసులో లోడ్ టెస్ట్ చేయకుండా ఏదైనా విడుదల చేస్తే నేనే ముందు అరుస్తాను. ఇక్కడ ఖాళీ బోటు కొలిచి పుస్తకంలో టిక్కు పెట్టుకున్నాం. రైజర్ కింద వేసే స్పేసర్లు దొరుకుతాయి, మూడంగుళాలవీ ఆరంగుళాలవీ. తెప్పించమన్నాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

బాపుకి అయిపోలేదు. ఆయన్ని పట్టుకున్నది ఆ పాత హోస్ పైపు. "అండ్ల నీళ్ళు కారుతున్నయా?" అనడిగాడు. బోటు అడుగున చేరిన నీళ్ళని తోడే చిన్న పంపు అప్పుడప్పుడూ తనంతట తనే ఆన్ అవుతూ ఉంటుంది. అది ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర కారే నీళ్ళ వల్లేనని మా నమ్మకం. భీమవరం టార్చి పట్టుకుని ఇంజను పక్కకి దూరి చూపించాడు. కుడివైపు గొట్టం కింద తడి. తడి కింద తెల్ల పెయింటు మీద నల్లగా చార.

"నీళ్ళు కారేకాడ పొగ కారదా?"

ఇంత చిన్న మాట రెండేళ్ళలో మా ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. నిజానికి మా మనసులో ఆ పొగ 'కడిగిన పొగ'. నీళ్ళలో తడిసి, చల్లబడి, బుడగలుగా బయటికి పోయేది ఏం చేస్తుందిలే అని. అప్పుడు నాకు కిందటి సెప్టెంబరు గుర్తొచ్చింది. వానగా ఉందని బోటుని రేవులోనే కట్టేసి, పైన గుడ్డ కప్పు బిగించి, ఇంజను పరీక్షకని ముప్పావు గంట అలా నడవనిచ్చాం. నలుగురం ఉన్నాం. ఇద్దరికి తలనొప్పి, ఒకడికి వాంతి. సముద్రం పడలేదన్నారు. కట్టేసిన బోటుకి, సరస్సులో, సముద్రం ఎక్కడిది! మొత్తానికి తప్పు పొద్దున తిన్న బిర్యానీ మీద తోశాం.

ఇది నవ్వుతూనే చెప్పాను. బాపు టీ గ్లాసు కింద పెట్టాడు.

"నొప్పి లేసింది ఎన్క కూసున్నోళ్ళకా, ముందట కూసున్నోళ్ళకా?"

"...వెనక కూర్చున్నవాళ్ళకే బాపూ."

"అది బిర్యానీ గాదు."

గనిలో పనిచేసినవాళ్ళకి కార్బన్ మోనాక్సైడ్ గురించి చెప్పక్కర్లేదు. బొగ్గు లోపల రాజుకున్నా, పేలుడు జరిగినా మంటకంటే ఎక్కువమందిని తీసేది అదే. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పూర్వం పిట్టని పంజరంలో తీసుకెళ్ళింది దీనికోసమే. బాపు నడుముకి కట్టుకుపోయిన సెల్ఫ్ రెస్క్యూయర్ డబ్బా కూడా దీనికోసమే. మన గనుల నిబంధనల్లో దీనికి హద్దు గాలిలో పదిలక్షల వంతుల్లో 50. క్యాటలిటిక్ కన్వర్టర్ లేని పాత పెట్రోల్ ఇంజను పొగలో అది నూటికి కొన్ని వంతులు ఉంటుంది, అంటే పదిలక్షలకి పదుల వేలు. అమెరికాలో బోటు లోపల ఉండే పెట్రోల్ ఇంజన్లకి కన్వర్టర్లు వచ్చింది 2010 నిబంధనల తర్వాతే. మాది 1986.

మరి నీళ్ళు కడగవా? నా సందేహానికి బాపు గనిలో చూసిన డీజిల్ బండి సంగతి చెప్పాడు. భూగర్భ బొగ్గు గనుల్లోకి దించే డీజిల్ బండ్లకి పొగని నీళ్ళ తొట్టిలోంచి పంపుతారు. అదీ ఒక రకం వెట్ ఎగ్జాస్టే. నిప్పురవ్వ బయటికొచ్చి మీథేన్‌ని అంటించకుండా, పైభాగం వేడెక్కకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. తొట్టిలో నీళ్ళు తగ్గితే ఇంజను దానంతటదే ఆగిపోయేట్టు పెడతారు. "నీళ్ళు మంటకు, గ్యాసుకు గాదు. గ్యాసుకు గాలే" అన్నాడు బాపు. ఆ వాయువు నీళ్ళలో కరిగేది దాదాపు ఏమీ లేదు. ఇంటర్మీడియట్ కెమిస్ట్రీలో ఇది నాకు మార్కులు తెచ్చిపెట్టిన వాక్యం. పదేళ్ళ తర్వాత దాని అర్థం తెలిసింది.

శనివారం వద్దన్నాను. భీమవరానికి కోపమొచ్చింది. "నువ్వు అక్కడ కూర్చుని చెప్తావ్. మా మావయ్యగారు చెరువుల మనిషి, అమెరికా వచ్చిందగ్గర్నుంచీ బోటెప్పుడూ అని అడుగుతున్నార్రా బాబూ. కప్పు తీసేసి తిప్పుతానులే" అన్నాడు. కప్పు తీసినా సరే, బోటు నెమ్మదిగా పోతున్నప్పుడు దాని వెనకే గాలి సుడి తిరిగి పొగని మళ్ళీ లోపలికి లాక్కొస్తుందని, వెనకసీట్లో కూర్చునేది వాడి పిల్లలేనని నేను. మాటా మాటా పెరిగింది. చివర్లో నేను ఒక సంగతి చెప్పాను: 2000 ఆగస్టులో, అమెరికాలోనే లేక్ పావెల్‌లో, ఒక హౌస్‌బోటు జనరేటర్ పొగ వెనక ఈతమెట్టు కింది ఖాళీలోకి వదిలేట్టు కట్టారు. ఆ ఖాళీ దగ్గర ఈదుతున్న ఇద్దరు అన్నదమ్ములు, చిన్నపిల్లలు, చనిపోయారు. అది ఆరుబయటే, కప్పు లేదు. వాడు ఫోన్ పెట్టేశాడు. రెండు రోజులు మాటల్లేవు. అన్నం సయించలేదని చెప్తే అతిగా ఉంటుందేమో గానీ, శుక్రవారం రాత్రి ఆఫీసు మీటింగులో నేనేం మాట్లాడానో నాకు తెలీదు.

ఆదివారం పొద్దున ఫోటో వచ్చింది. గొట్టం కోసి పెట్టాడు. పైకి గట్టిగానే ఉంది, లోపలి పొర ఊడి గోడకి అతుక్కుని ఉంది, కింద చిటికెనవేలంత పొడవు చీలిక. రెండు క్లాంపులుండాల్సిన చోట ఒక్కటే. మెసేజ్ ఏమీ లేదు. కాసేపటికి ఇంకోటి వచ్చింది: "మావయ్యగార్ని ఫెర్రీ ఎక్కించాను."

ఆ తర్వాత పని చకచకా సాగింది, వాడు చేయడం, మేమిద్దరం ఇక్కణ్ణుంచి సతాయించడం. మామూలు నీళ్ళ గొట్టం కాకుండా, మెరైన్ ఎగ్జాస్ట్ కోసమే ఎస్ఏఈ జే2006 ప్రమాణానికి చేసిన హోస్ పైపు తెచ్చాడు. నీళ్ళు ఆగిపోయినా ఫుల్ స్పీడులో రెండు నిమిషాలు తట్టుకోవాలి ఆ రకం. ప్రతి చివరా రెండేసి క్లాంపులు. అడుగుకి అరంగుళం చొప్పున వెనక్కి వాలు, మధ్యలో ఎక్కడా జోలెలా వేలాడకుండా. గొట్టం వేడెక్కితే అరిచే అలారం. రైజర్లు విప్పితే లోపల నీటిదారి సగం తుప్పు పెచ్చులతో పూడిపోయి ఉంది. లేక్ యూనియన్ మంచినీళ్ళే, కానీ బాలర్డ్ లాకులు దాటితే ఉప్పునీళ్ళు. పాత యజమాని ఎక్కువగా అటే తిరిగాడని తుప్పే చెప్పింది. ఉప్పునీళ్ళలో వాటి ఆయుష్షు ఐదారేళ్ళంటారు, మావి ఏ కాలం నాటివో. ఇవన్నీ స్టాంపింగ్ అయి నేను వెళ్ళాక లెక్కలు చూసుకోవాల్సిన సంగతులు. చవక బోటు మీద ఇప్పటిదాకా పెట్టిన ఖర్చు ఇంట్లో చెప్పలేదు.

కార్బన్ మోనాక్సైడ్ మీటరు రెండు పెట్టాడు. కేబిన్లో ఒకటి, వెనకసీటు దగ్గర ఒకటి. అంతా కొత్తది బిగించాక కూడా, కప్పు వేసి, ముందు కిటికీ మూసి, రేవులో నడిపిస్తే వెనకది 70 దాకా ఎక్కింది. ఎక్కడా లీకు లేదు. బయటికి పోయిన పొగే తిరిగొస్తోంది. ముందు కిటికీ తెరిస్తే నాలుగైదుకి పడిపోయింది. బాపుకి ఇందులో వింతేమీ కనబడలేదు. గనిలో మంచి గాలి వచ్చే దారి ఒకటి, చెడ్డ గాలి పోయే దారి ఒకటి, మనిషి ఎప్పుడూ మొదటి దాంట్లో ఉండాలట. అందుకని బోటులో రాసి అంటించాం: ఇంజను తిరుగుతుంటే ముందు కిటికీ తెరిచే ఉండాలి, వెనక ఈతమెట్టు మీద ఎవరూ ఉండకూడదు.

నిన్న పొద్దున వీడియో పంపాడు. మధ్య సరస్సులో ఎండ, వెనకనుంచి రెండు గొట్టాల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి, వెనకాల వాళ్ళ మావయ్యగారి గొంతు "ఆయ్, బాగుందండి" అని వినిపిస్తోంది. నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి. బాపు కళ్ళద్దాలు పెట్టుకుని మూడుసార్లు చూశాడు.

"ఎడమదిక్కు నీళ్ళు తక్కువ పడుతున్నయి."

నాకు తేడా కనబడలేదు. భీమవరానికీ కనబడలేదు. కానీ ఈసారి వాడు వాదించలేదు, బోటు కట్టేశాక విప్పి చూశాడు. మార్చిలో పంపు లోపలి రబ్బరు ఇంపెల్లర్ మార్చాం, పాతదానికి మూడు రెక్కలు విరిగి ఉన్నాయి. అవెక్కడికి పోయాయని మేం అనుకోలేదు, కొత్తది వేసి ఊరుకున్నాం. థర్మోస్టాట్ హౌసింగ్ నుంచి ఎడమ మానిఫోల్డ్‌కి పోయే గొట్టం మూతిలో రెండు దొరికాయి.

మూడోది ఏదని బాపు పొద్దున్నుంచీ అడుగుతున్నాడు.